అచ్చు గుద్దినట్టు

నేను గాజు కోసేవాణ్ణి, బొమ్మల సంగతి నన్నడక్కండి.
సేన్-లూయిలో ఇనప వంతెన దిగాక
చేపల బళ్ళు మలుపు తిరిగేచోట నా కొట్టు.
కిటికీలకి, లారీలకి, పెళ్ళిఫొటోలకి
కొలత తీసి గీత పెడతాను,
టక్కున విరుస్తాను. అంతే నా విద్య.

రొఖాయా వచ్చి, "ముఖమంత గాజు కావాలి" అంది.
"ఎవరి ముఖమంత?" అన్నాను వేళాకోళంగా.
నవ్వలేదు.
"అదే కదా తేలాల్సింది."

గాజు మీద బొమ్మ తిరగేసిన పని.
కాగితం మీద చివర పెట్టే చుక్కని
ఇక్కడ ముందు పెట్టాలి.
కంట్లో మెరుపు ముందు, దాని వెనక పాప,
పాప వెనక కన్ను,
చర్మం ఎప్పుడో మూడోనాడు,
ఆకాశం అందరికన్నా ఆఖర్న.
సంతకం మాత్రం మొదటిరోజే, తిరగేసి.
దిద్దుకోవడం ఉండదు:
వెనక ఎంత రంగు పూసినా
ముందుకి కనపడేది మొదటి తప్పే.

ఆమె మేనత్త పేరూ రొఖాయానే.
ఇరవై రెండేళ్ళకి కాన్పులో పోయింది.
మిగిలింది ఒకే ఒక్క ఫొటో:
విమానం బొమ్మ గీసిన స్టూడియో తెర,
ఒళ్ళో అరువు రేడియో,
కుడి చెంప మీద పుట్టుమచ్చ.
పిల్లకి పేరు పెట్టేరోజు
నానమ్మ చెంప చూసి, గోడ చూసి
"అచ్చు గుద్దినట్టుంది. నా కూతురు తిరిగొచ్చింది" అందట.
ఆ మాట మీదే పెరిగింది పిల్ల.
చేపలమ్మే ఆవిడ
పోయినామె పాత బాకీ కూడా
ఈమెకే గుర్తుచేసేది.

దాకర్‌లో చదివి, కెమెరాతో తిరిగొచ్చి
అదే గౌను కుట్టించుకుంది.
అదే విమానం గీయించుకుంది.
అద్దె రేడియో ఒళ్ళో పెట్టుకుని
ముప్ఫై ఏడు ఫొటోలు తీసుకుంది.
నా బల్ల మీద పరిచి
"ఒక్కదాన్లోనూ ఆమె లేదు, నేనూ లేను" అంది.
"రేడియో మాత్రం బాగా పడింది."

ఆ తర్వాత ఒకరోజు
స్టూడియో ముసలాయన కొడుకు
బిస్కెట్ల డబ్బాలోంచి పాత నెగటివ్ తీసిచ్చాడు.
నునుపు వైపు తిప్పి వెలుతురుకి పెడితే
రేడియో మీద అక్షరాలు చక్కగా చదవొచ్చాయి.
గోడ మీది ఫొటోలో అవి తిరగబడి ఉన్నాయి.
ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు.
చచ్చిపోయిన పిల్ల ఫొటోలో
రేడియోని ఎవరు చదువుతారు?
అచ్చుతప్పు.
మేనత్త మచ్చ ఎడమ చెంప మీద.

మా వైపు టీ మూడుసార్లు కాస్తారు,
మొదటిది చేదు, మూడోది తీపి.
ఆ సాయంత్రం ఆమె రెండో గ్లాసు దగ్గరే
లేచి వెళ్ళిపోయింది.

నాలుగు నెలలకి పటం తెచ్చింది, చట్రం కట్టమని.
అలవాటుగా అట్టముక్క అందుకున్నాను.
"వెనక మూయకు."
వెనక్కి తిప్పాను:
కన్ను లేదు, నోరు లేదు, పేరు లేదు,
చింతపండు రంగు పూత, కుంచె చారలు.
మచ్చ చుట్టూ మాత్రం నాణెమంత గాజు
ఏమీ పూయకుండా వదిలేసింది.
ఇటు చూస్తే కుడి చెంప మీద,
అటు చూస్తే ఎడమ చెంప మీద
అదే మచ్చ.
మోసుకుపోతుంటే ఎండకి
దాని నీడ నా మణికట్టు మీద పడి
ఇంటిదాకా నాతో నడిచింది.

మేకు నేనే కొట్టాను.
నానమ్మ పటం ఒళ్ళో పెట్టుకుని
చాలాసేపు బొటనవేలితో తడిమింది.
ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు, నాకు తెలుసు.
అయినా తనే లేచి
ఎడమ చెంప మీద మచ్చ పడేలా
వెనకవైపు ముందుకి తిప్పి తగిలించింది.
రొఖాయా కెమెరా ఎత్తబోయి దించేసింది.

నానమ్మ వెనక్కి జరిగి,
కళ్ళు చిట్లించి
కాసేపు చూసి అడిగింది:

"రేడియో ఏదీ?"